మార్కోకు ఎడమ పక్కన

హార్లన్
నవంబరు 9

లేనాకు తాత వాసిల్ రాస్తున్నది.

నేను బతికే ఉన్నాను. రెండు ఆవులూ బతికే ఉన్నాయి. ఫోన్ చేయవద్దు. చేసినా నాకు వినపడేది నా ఊపిరే. నా వయసంతా హాకీ రింకులో మంచు నున్న చేసే బండి మీదే గడిచింది. చెవులు ఇంకెలా ఉంటాయి? ఏం చెప్పాలన్నా కాగితం మీద పెట్టు, పెద్ద అక్షరాలతో. నేను చదివింది మూడో తరగతి. నాలుగో తరగతిలో ఉండాల్సిన రోజుల్లో నేను గోధుమ కోతలో ఉన్నాను.

నిన్న పొద్దున మార్జ్ కాఫీ కొట్లో కోచ్ టోలెఫ్సన్ నా పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"వాసిల్, మీ మనవరాలు మాకు లెక్కలు కట్టి పంపిస్తోంది, తెలుసా?"

"ఏం లెక్కలు? పాల లెక్కలా?"

"ఎవరి పక్కన ఎవరు ఆడితే బాగుంటుందో, ఆ లెక్కలు. హాలిఫాక్స్‌లో కూర్చుని మా ఆటల వీడియోలన్నీ చూస్తోంది."

నా చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. మార్జ్ వచ్చి, "ఏమైంది వాసిల్, దెయ్యాన్ని చూశావా?" అంది. దెయ్యమైతే ఫర్వాలేదు. నా కూతురి కూతురు, స్కేట్లు కట్టుకోనని రింకు గుమ్మంలో దొర్లి ఏడ్చిన పిల్ల, ఇప్పుడు మా ఊరి టీములో ఎవరు ఎవరి పక్కన ఆడాలో చెబుతోంది. అదీ నాకు చెప్పకుండా.

సరే. చేస్తున్నావు గదా, ఒక మంచి పని చెయ్యి. నీ తమ్ముడు మార్కో లైను సంగతి చూడు. మధ్యలో మార్కో, కుడి పక్కన బ్రెట్. వాడు ఫర్వాలేదు. ఎడమ పక్కన డేరిల్ ఒకెమా. ఉత్తరాన సరస్సుల దగ్గరి వాడు. పైఊరి కుర్రాళ్లను టీము వాళ్లు ఇంటికొకణ్ణి పెడతారు గదా, మనింటికి వీడొచ్చాడు. వేసవి శిబిరంలో మార్కోతో స్నేహమట. తిండి బాగా తింటాడు. దానికి నేనేమీ అనుకోను. కానీ ఆట? మార్కో కర్ర కొసన పక్ బిళ్ల తీసుకుని దూసుకుపోతుంటే వీడు గోల్ ముందుకు పోడు. వెనకాల, ఎడమ పక్కనే, ఆవు వెంట దూడలా తిరుగుతుంటాడు. బద్ధకం. నేను వాడి మొహం మీదే అన్నాను. నవ్వాడు.

ఇంట్లోనూ అంతే. బల్ల దగ్గర మార్కోకు ఎడమ పక్క చోటు నాది. వాడు పాలు తాగే రోజుల నుంచీ నాది. ఇప్పుడు డేరిల్ ఎక్కి కూర్చుంటున్నాడు. మొన్న వాడింకా లేవలేదు గదా అని నా పాత చోట్లో నేను కూర్చున్నాను. మార్కో మోచెయ్యి తగిలి వేడి టీ అంతా నా ఒళ్లో పడింది. చూశావా, నా పక్కన కూర్చునే అలవాటు కూడా తప్పిపోయింది వాడికి. ట్రక్కు మార్కోది, నడిపేది డేరిల్.

జనవరిలో తూర్పు నుంచి ఒక యూనివర్సిటీ వాళ్లు మార్కోను చూడటానికి వస్తున్నారు. నచ్చితే చదువూ ఆటా రెండూ వాళ్లే చూసుకుంటారు. వాళ్లు వచ్చేలోగా ఆ డేరిల్‌ను ఆ లైను నుంచి తీయించు. నీ అంకెలతో చెబితే టోలెఫ్సన్ వింటాడు. నేను చెబితే నవ్వుతాడు.

మీ అమ్మ గని దగ్గర వంటకు పోయింది, పండక్కి వస్తుంది. నువ్వు కూడా రా.

వాసిల్

*

హాలిఫాక్స్
నవంబరు 18

తాతయ్యా,

నీ ఉత్తరం చదివి బస్సులో గట్టిగా నవ్వాను. పక్కావిడ లేచి వేరే చోటికి పోయింది. టీ నిజంగా ఒళ్లో పడిందా? కాలిందా? అది రాయలేదు నువ్వు.

నీకు ముందే చెప్పనందుకు తిట్టు, పడతాను. చెబితే నువ్వు ఎగతాళి చేస్తావని భయం. ఇప్పుడు ఎలాగూ చేస్తావు గనక చెబుతాను, విను.

రెండు పక్కలా మనుషులు సమానంగా ఉన్న సేపే తీసుకుంటాను. ఒకడు తప్పు చేసి బయట కూర్చున్న సేపు పక్కన పెట్టేస్తాను. ఆ సేపట్లో మనవాళ్లు గోల్ వైపు కొట్టినవెన్ని, అవతలివాళ్లు కొట్టినవెన్ని? లోపల పడ్డవే కాదు, పక్కకు పోయినవి, ఎవడి కాలికో తగిలి ఆగినవి, అన్నీ. మొత్తం నూరు అనుకుంటే అందులో మనవి ఎన్ని? యాభై దాటితే పక్ ఎక్కువసేపు అవతలివాళ్ల ఇంట్లో ఉన్నట్టు. తగ్గితే మన ఇంట్లో ఉన్నట్టు.

తర్వాత అసలు పని. మార్కో, డేరిల్ కలిసి ఉన్నప్పుడు ఎంత? మార్కో ఉండి డేరిల్ లేనప్పుడు ఎంత? డేరిల్ ఉండి మార్కో లేనప్పుడు ఎంత? నువ్వు బోర్ష్ చారు రుచి తేడాగా ఉంటే బీట్‌రూట్ ముక్క విడిగా, క్యాబేజీ విడిగా నోట్లో వేసుకుని చూస్తావు గదా, అదే ఇది. ఎదురుగా గట్టివాళ్లు ఆడారా, ఆట ఏ కొస నుంచి మొదలైంది, అదంతా కూడా సరిచేసుకుంటాను.

గోల్స్ మాత్రమే చూస్తే మోసపోతాం తాతయ్యా. ఒక్కోసారి గోల్ అదృష్టం. పక్ ఎవరి ఇంట్లో ఉందన్నది అదృష్టం కాదు.

డేరిల్ సంగతి చూస్తాను. కానీ నువ్వు అడిగిన జవాబే వస్తుందని మాట ఇవ్వను.

చేపలు తినడం మానవద్దు. మందులు మానవద్దు.

నీ లేనా

*

హార్లన్
నవంబరు 27

లేనాకు,

టీ కాలింది. ఎక్కడ కాలిందో రాయను.

నీ లెక్క మార్జ్‌కు చదివి వినిపించాను. "గోల్ పడకపోయినా లెక్కేనా?" అంది. "లెక్కేనట" అన్నాను. "అయితే మా ఆయన కూడా గొప్ప ఆటగాడే, ఏదీ లోపల పడలేదు" అంది. కొట్టంతా నవ్వారు. నాకు వినపడలేదు గానీ పొట్టలు ఊగడం కనపడింది.

మా రోజుల్లో కోచ్ మనిషి మొహం చూసి లైను కట్టేవాడు. పొద్దున్నే పెళ్లాంతో దెబ్బలాడినవాణ్ణి గోడ పక్కన పెట్టేవాడు. వాడిక ఎవణ్ణి పడితే వాణ్ణి గుద్దేవాడు. అదీ లెక్క. నా ముందు పళ్లు నాలుగు ఈ రింకు మంచులోనే ఉన్నాయి. మర్నాడు ఆడాను. దెబ్బ తగిలిందని ఇంట్లో చెప్పినవాడు మా టీములో లేడు.

మార్కో బాగా ఆడుతున్నాడు. శనివారం రెండు గోల్స్ వేశాడు. రెండూ డేరిల్ ఇచ్చిన పక్‌తోనే అని టోలెఫ్సన్ అన్నాడు. ఇవ్వక ఏం చేస్తాడు, వాడికి ఎలాగూ కొట్టడం రాదు.

ఇంకో సంగతి. సోమవారం డేరిల్ జ్వరంతో పడుకుంటే మార్కో తనే ట్రక్కు తీశాడు. మన గేటు స్తంభానికి ట్రక్కు ఎడమ పక్కంతా గీరుకుపోయింది. కొత్త స్తంభం కాదది, వాడు పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది.

"ఏం రా, స్తంభం లేచి వచ్చిందా?" అన్నాను.

"ఎండ కళ్లల్లో పడింది తాతా."

ఆ రోజు మబ్బు. ఈ కాలం కుర్రాళ్లకు అబద్ధం కూడా శుభ్రంగా ఆడటం రాదు. ఎవతెనో పిల్లను చూసుకుంటూ నడిపి ఉంటాడు. ఆ బేకరీ పిల్లే అని నా అనుమానం.

డేరిల్ ఎప్పుడు పోతాడు? తొందరగా రాయి.

వాసిల్

*

హాలిఫాక్స్
డిసెంబరు 6

తాతయ్యా,

కుర్చీలో కూర్చుని చదువు. కోపం వస్తే ఆవుల దగ్గరికి పోయి వచ్చి మళ్లీ చదువు.

లెక్క కట్టాను. తప్పేమోనని మొదటి నుంచి మళ్లీ కట్టాను. మార్కో, డేరిల్ కలిసి ఉన్నప్పుడు నూటికి యాభై నాలుగు మనవి. బాగుంది. డేరిల్ ఉండి మార్కో లేనప్పుడు యాభై తొమ్మిది. చాలా బాగుంది. మార్కో ఉండి డేరిల్ లేనప్పుడు ముప్ఫై ఆరు.

ముప్ఫై ఆరంటే టీములో ఆఖరి లైను కంటే తక్కువ. బరువు మోస్తున్నది డేరిల్. బరువు మన మార్కో.

ఇది నేను కోచ్‌కు పంపలేదు. నా తమ్ముడు కాకపోయి ఉంటే ఈపాటికి పంపేదాన్ని, అది కూడా నాకు సిగ్గుగానే ఉంది. ఒక కారణం ఉంది. వాళ్లిద్దరూ విడిగా ఆడింది చాలా తక్కువ. మొదట్లో డేరిల్ చీలమండ బెణికి ఆగిన ఆటలు, మధ్యలో లైన్లు మారే ముక్కలు, అంతే. ఇంత తక్కువ ఆటతో ఖాయంగా అనలేను. ఇంకొన్నాళ్లు విడిగా ఆడి ఉంటే తేలిపోయేది.

ఇంకోటి నాకు మింగుడుపడటం లేదు. పోయిన ఏడాది మార్కో ఇలా లేడు. నిరుడు వాడు ఎవరి పక్కనున్నా యాభై దాటేవాడు. మనిషి ఒక్క వేసవిలో ఆట మరిచిపోడు. వాడికి మోకాలో భుజమో ఏదైనా నొప్పి ఉందా? చూసి రాయి. అడిగితే చెప్పడు. చూసి రాయి.

ఎవరికీ చెప్పకు. డేరిల్‌ను ఏమీ అనకు. నా మీద ఒట్టు.

లేనా

*

హార్లన్
డిసెంబరు 14

లేనాకు,

నీ ఉత్తరం చదివాను. కుర్చీలోనే చదివాను. ఆవుల దగ్గరికి పోయాను, వచ్చి మళ్లీ చదివాను. అంకెలు మారలేదు. సొంత తమ్ముణ్ణి బరువు అని రాసింది నా మనవరాలేనా అని సంతకం చూసుకున్నాను.

బరువట! టీములో అందరికంటే గోల్స్ ఎక్కువ ఎవడివి? చంటివాడప్పుడే వంటింట్లో చెంచాతో బంగాళాదుంపను కొట్టి నా గాజు బీరువా పగలగొట్టిన వాడు. మంచు మీద వాడిలా తిరిగేవాడు ఈ జిల్లాలో లేడు. వాడికి నొప్పీ లేదు, ఏమీ లేదు. నిన్న మేకు కొట్టించాను, చక్కగా కొట్టాడు. ఒకటి తప్పితే. బొటనవేలు కమిలింది. అది ఎవరికైనా అవుతుంది.

సరే, నువ్వే రాశావు గదా, విడిగా ఆడింది తక్కువ, ఇంకా ఆడితే తేలుతుందని. తేల్చుకుందాం. పొద్దున టోలెఫ్సన్ దగ్గరికి పోయి బల్ల గుద్ది చెప్పాను.

"శనివారం మార్కోను డేరిల్‌ను విడగొట్టు. ఆట మొత్తం. నా మనవరాలికి లెక్క కావాలట."

"లేనా అడిగిందా?"

"విడిగా ఆడితే తేలుతుందని రాసింది. చేతిరాత చూపించమంటావా?"

"అక్కర్లేదు. నాకూ చూడాలనే ఉంది" అన్నాడు. వాడు కూడా ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాడట. శనివారం మార్కోకు ఎడమ పక్కన టీములోకి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఆడతాడు. డేరిల్ మూడో లైను. నీ ఇష్టం వచ్చినంత లెక్క పెట్టుకో.

డేరిల్‌కు ఇంకో ఇల్లు చూసుకోమని కూడా చెప్పేశాను. ఆదివారం నుంచి. ఒట్టు పెట్టావు గదా, అంకెల సంగతి చెప్పలేదు. ఇల్లు సంగతే చెప్పాను. వాడు సాయంత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి ఏదో అన్నాడు. చాలాసేపు అన్నాడు. చేతులు కూడా తిప్పాడు. నాకు వినపడలేదు. దగ్గరికి రమ్మని నేను పిలవలేదు కూడా. బతిమాలుతున్నాడని తెలుస్తూనే ఉంది. వీపు తిప్పి ఉల్లిపాయలు కోసుకున్నాను.

శనివారం చూడు ఎవడు బరువో.

వాసిల్

*

హాలిఫాక్స్
డిసెంబరు 15

తాతయ్యా,

నేను పంపిన ఆ ఉత్తరం చింపి పొయ్యిలో వెయ్యి. అంకెలు తప్పు కాదు. నేను చదివిన తీరు తప్పు.

నిన్న వీడియోలన్నీ మళ్లీ పెట్టుకుని, మార్కో పక్ పోగొట్టుకున్న ప్రతి చోటూ మంచు బొమ్మ మీద చుక్క పెట్టాను. చుక్కలన్నీ ఒక పక్కనే పడ్డాయి తాతయ్యా. అన్నీ వాడికి ఎడమ. కుడి పక్క నుంచి ఎవడొచ్చినా వాడు పాములా తప్పుకుంటాడు. ఎడమ పక్క నుంచి వచ్చేవాడు వాడికి లేనట్టే. డేరిల్ ఆ పక్కన ఉన్నప్పుడు మాత్రం చుక్కలు లేవు. డేరిల్ వెనకాల ఎడమ పక్కనే ఎందుకు ఉంటాడో ఇప్పుడు చూడు. వాడు గోల్ కోసం ఆడటం లేదు. మన మార్కోకు కాపలా కాస్తున్నాడు.

మార్కోకు ఫోన్ చేశాను. ముందు అరిచాడు. తర్వాత ఏడ్చాడు. వాడు ఏడవడం నేను అమ్మమ్మ పోయినప్పుడు విన్నాను, మళ్లీ ఇప్పుడే. వేసవి శిబిరంలో పక్ లేచి ముఖం మీది అద్దం కింద నుంచి ఎడమ కంట్లో తగిలిందట. వాపు తగ్గింది. చూపు రాలేదు. ముందు పొగమంచులా ఉండేదట, ఇప్పుడు ఆ పక్క ఏమీ లేదట. టీము వైద్య పరీక్షలో గోడ మీది అక్షరాలు ముందే కంఠతా పట్టి చదివేశాడట. తెలిసింది డేరిల్‌కు ఒక్కడికే. ఆ యూనివర్సిటీ వాళ్లు వచ్చి పోయేదాకా ఎవరికీ చెప్పనని వాడి చేత ప్రమాణం చేయించుకున్నాడట.

టీ కప్పు, గేటు స్తంభం, ట్రక్కు. నువ్వు రాస్తుంటే నేను నవ్వాను తాతయ్యా. నవ్వాను.

టోలెఫ్సన్‌కు చెబుతానన్నాను. "చెప్పావంటే నాకు అక్క లేదు" అన్నాడు. బతిమాలాడు. చివరికి నేను ఇరవై రెండున ఇంటికి వచ్చేదాకా ఆగుతానని, వచ్చాక మనందరం కలిసి డాక్టరు దగ్గరికి పోదామని ఒప్పించాను. తప్పు చేస్తున్నానేమో. కానీ మధ్యలో ఒక్క ఆటే ఉంది, డేరిల్ ఎడమ పక్కన ఉన్నంతసేపూ వాడికేమీ కాదు. నా అంకెలు చెప్పేది కూడా అదే.

డేరిల్‌ను బాగా చూసుకో. వాడికి క్యాబేజీ చుట్టలు ఇష్టమట. చేసి పెట్టు.

లేనా

*

హార్లన్
డిసెంబరు 21

లేనాకు. సస్కటూన్ ఆస్పత్రి, మీ అమ్మ చేతి మీదుగా.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. సోమవారం. ఆట శనివారం.

నువ్వు హాలిఫాక్స్ నుంచి విమానంలో వచ్చి వాడి మంచం పక్కన ఉన్నావని, మీ అమ్మ కూడా వచ్చిందని మార్జ్ కాగితం మీద రాసి చూపించింది. కంఠం కింది ఎముక విరిగిందని, తల అదిరిందని, మాట్లాడుతున్నాడని రాసింది. కన్ను సంగతి అప్పటికి ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. నీ ఉత్తరం పోస్టాఫీసులోనే విప్పాను. "డేరిల్ ఎడమ పక్కన ఉన్నంతసేపూ" అన్న చోటికి వచ్చాక ముందుకు చదవలేకపోయాను. నిలబడే ఉన్నాను. పోస్టాఫీసు ఆవిడ కుర్చీ తెచ్చింది. కూర్చోవడం ఎలాగో మరిచిపోయినవాడిలా ఆ కుర్చీని చూస్తూ నిలబడ్డాను.

నువ్వు చూడలేదు గనక రాస్తున్నాను. రెండో విరామం అయిపోయి కాసేపయింది. మార్కో గోడ దగ్గర పక్ తీసుకుని తల ఎత్తాడు. ఎడమ పక్క నుంచి అవతలి టీము పెద్దవాడు వస్తున్నాడు. దూరం నుంచి వస్తున్నాడు లేనా. దాక్కుని రాలేదు. రింకులో ప్రతివాడికీ కనపడుతున్నాడు. నాకు కనపడుతున్నాడు. మార్కో పక్కకు జరగలేదు, కర్ర ఎత్తలేదు, భుజం దించలేదు. కిటికీలోంచి పొలం చూసేవాడిలా నిలబడ్డాడు. నేను "ఏం రా, చూసుకోవేం!" అని అరిచాను. అంతలో తగిలింది. నాకేమీ వినపడలేదు. చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు ఒక్కసారి మారిపోవడం చూశాను.

డేరిల్ బెంచీ మీది నుంచి గోడ దూకి వచ్చాడు. అలా దూకకూడదు, వాణ్ణి బయటికి పంపేస్తారు. పంపేశారు. వాడు పోలేదు. చేతి తొడుగులు విసిరేసి మార్కో పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎడమ పక్కన. నేను అప్పుడు కూడా ఏమనుకున్నానో తెలుసా? నాటకాలాడుతున్నాడు అనుకున్నాను.

ఆదివారం నేను లేచేసరికి వాడి గది ఖాళీగా ఉంది. పక్క దులిపి, దుప్పటి మడిచి పెట్టాడు. టీముకు చెప్పకుండా ఉత్తరానికి, వాళ్ల ఊరు వెళ్లిపోయాడని టోలెఫ్సన్ అన్నాడు.

ఆ కొత్త కుర్రాణ్ణి ఎడమ పక్కన పెట్టించింది నేను. నీకు లెక్క కోసమని. లెక్క వచ్చిందా?

నేను ఆస్పత్రికి రాను. దారిలో మంచు ఎక్కువగా ఉంది.

వాసిల్

*

సస్కటూన్
డిసెంబరు 27

తాతయ్యా,

మంచు లేదు. దారి బాగుందని మార్జ్ రోజూ ఫోన్‌లో చెబుతోంది.

నీకు ఏం రాయాలో తెలియక ఇన్నాళ్లు ఆగాను. నీ ఉత్తరం చదివి నీ మీద ఎంత కోపం వచ్చిందంటే కాగితం ఉండచుట్టి విసిరేశాను. తర్వాత మంచం కిందికి దూరి తెచ్చుకున్నాను. "ఇంకొన్నాళ్లు విడిగా ఆడి ఉంటే తేలిపోయేది." అది రాసింది నేను. ఫోన్ ఎత్తి ఒక్క మాట టోలెఫ్సన్‌కు చెప్పనిది నేను. వాడు ఏడ్చాడని ఆగాను. నీకు చేరడానికి వారం పట్టే ఉత్తరం రాసి, పని చేసేసినట్టు నిద్రపోయాను.

డాక్టరు నిన్న చెప్పాడు. కంటి వెనక పొర ఊడిపోయి చాలా నెలలైందట. వెంటనే వచ్చి ఉంటే అతికించేవారట. ఇప్పుడు ఆ కన్ను రాదు. రెండో కన్ను బాగుంది. ఇక వాడు దెబ్బలు తగిలే ఆట ఆడకూడదు. ఆడితే ఉన్నది పోవచ్చు. మార్కో గోడవైపు చూస్తూ, "శనివారం కాకపోతే ఇంకో శనివారం తగిలేది" అన్నాడు. మన కోసం అన్నాడో, తనకోసం అన్నాడో తెలియలేదు.

అమ్మా నేనూ వాడితో మాట్లాడుతుంటే ఊఁ అంటాడు, అంతే. నీ గురించి ఒకటే అడిగాడు. "తాత ఎందుకు రాలేదు?" నేను మంచు అన్నాను. నవ్వాడు. "తాత మంచుకు భయపడటం ఎప్పుడు మొదలైంది?" అన్నాడు. తర్వాత, "డేరిల్ ఎక్కడ?" అన్నాడు. నేను చెప్పాల్సి వచ్చింది, నువ్వు ఇల్లు ఖాళీ చేయమన్న సంగతి. అప్పటి నుంచి ఊఁ కూడా లేదు.

వాడు డేరిల్‌కు ఫోన్ చేస్తున్నాడు. డేరిల్ ఎత్తడం లేదు.

నువ్వు విరగ్గొట్టినది నువ్వే అతికించాలి తాతయ్యా. అందులో నేను పంచుకోగలిగింది నేను పంచుకుంటాను. కానీ డేరిల్ ఇంటికి నేను వెళితే సరిపోదు.

లేనా

*

హార్లన్
జనవరి 17

లేనాకు,

నువ్వు హాలిఫాక్స్ చేరినట్టు మీ అమ్మ చెప్పింది. నేను ఆస్పత్రికి వచ్చిన రోజు నువ్వు లేవు, మీ అమ్మ ఉంది, అది నీకు చెప్పే ఉంటుంది. అయినా మొదటి నుంచి రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆవుల్ని పక్కింటివాళ్లకు అప్పగించి ఉత్తరానికి బయల్దేరాను. దారంతా దేవదారు చెట్లే, ఇళ్లు లేవు. ఏం చెప్పాలో దారి పొడుగునా బండిలో గట్టిగా అనుకుంటూ పోయాను. మంచి మాటలే దొరికాయి.

వాళ్లింటి తలుపు తీసింది వాళ్ల నానమ్మ. నా నడుం ఎత్తు ఉంటుంది. నన్ను బూట్ల నుంచి టోపీ దాకా చూసింది. ఎవరో చెప్పినట్టున్నారు నాకు చెవులు లేవని. ఊరంతా వినపడేలా అరిచింది.

"నువ్వేనా ఆ చెవిటి ముసలాడివి?"

"నేనే."

"మావాడికి మీ ఇంట్లో తిండి చాల్లేదా, చోటు చాల్లేదా?"

"రెండూ ఉన్నాయి."

"మరి ఏం చాల్లేదు?"

ఆవిడ నన్ను గుమ్మంలోనే వదిలేసి లోపలికి పోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు. కాసేపటికి గిన్నెలో చేపల పులుసు తెచ్చి చేతిలో పెట్టింది. "తిను. తిట్టాలంటే ఎదుటివాడికి ఓపిక ఉండాలి" అంది. తిన్నాను. తిట్టింది. కొంత వినపడింది.

డేరిల్ ఇంటి వెనక కట్టెలు కొడుతున్నాడు. నన్ను చూసి గొడ్డలి దించాడు. దారిలో అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "నేను వినలేదు" అన్నాను. అంతే వచ్చింది. "ఆ రోజు వంటింట్లో నువ్వేం చెప్పావో నేను వినలేదు. ఇప్పుడు చెప్పు."

వాడు గొడ్డలి దుంగలో గుచ్చాడు. తర్వాత దగ్గరికి వచ్చి, నా టోపీ చెవి పైకి ఎత్తి, నిదానంగా చెప్పాడు. "నన్ను ఇంట్లోంచి పంపెయ్యండి తాతా, ఫర్వాలేదు. ఆటలోంచి కూడా తీసెయ్యమనండి. శనివారం మార్కోను కూడా ఆడనివ్వకండి. ఎందుకని అడగకండి, మాట ఇచ్చాను. ఇదే చెప్పాను."

లేనా, నాకు పళ్లు రాలినప్పుడు నొప్పి తెలియలేదు. ఇది తెలిసింది. ఉల్లిపాయలు కోసుకుంటూ నిలబడ్డాను చూడు, ఆ వీపు మీద కొట్టినట్టు తెలిసింది.

"బండెక్కు" అన్నాను. "మార్కో అడుగుతున్నాడు."

"కోపంగా ఉన్నాడా నా మీద?"

"నీ మీద ఎందుకు?"

"మీతో గట్టిగా అరిచి చెప్పాల్సింది. మాట తప్పాల్సింది." వాడు అదే అనుకుంటూ అన్ని రోజులూ కట్టెలు కొట్టాడు. ఆ కుప్ప చూస్తే రెండు చలికాలాలకు వస్తుంది.

బండి వాడే నడిపాడు. సస్కటూన్‌లో మార్కో గదిలోకి వాణ్ణి ముందు పంపించాను. నేను బయట గోడకు ఆనుకున్నాను. లోపల ఏమన్నారో తెలియదు. మీ అమ్మ వచ్చి నా చెవిలో చెప్పింది: "తిట్టుకుంటున్నారు నాన్నా. బాగానే ఉంది." తర్వాత నన్ను రమ్మన్నారు. మార్కో నన్ను చూడటానికి తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. నేను ఎడమ పక్క నుంచి వచ్చాను మరి. అప్పుడు తెలిసింది ఎటు నిలబడాలో. మార్కో కాసేపటికి, "టీ కాలిందా తాతా ఆ రోజు?" అన్నాడు. ఎక్కడ కాలిందో వాడికి మాత్రం చెప్పాను. డేరిల్ గోడ పట్టుకుని నవ్వాడు.

ఇప్పుడు ముగ్గురం ఇంట్లో ఉన్నాం. నువ్వు చెప్పిన క్యాబేజీ చుట్టలు చేశాను. టోలెఫ్సన్ డేరిల్‌ను కొన్ని ఆటలు బయట కూర్చోబెట్టి మళ్లీ తీసుకున్నాడు. నిన్న ఆ యూనివర్సిటీ మనుషులు వచ్చారు. మార్కో కోసం రావాల్సినవాళ్లు, సంగతి తెలిసినా వచ్చారు. వాళ్లలో ఒకాయన నా పక్కన నిలబడి, "ఆ ఎడమ పక్క కుర్రాడు గోల్ ముందుకు పోడేం?" అని అరిచాడు. నేను చెప్పేలోపు మార్కో చెప్పాడు. "నా మూలంగా అలవాటు. ఇప్పుడు పోతాడు చూడండి" అన్నాడు. రెండో విరామానికి ముందే పోయాడు. వేశాడు. మార్కో లేచి ఒక చేత్తో గోడ బాదాడు, రెండో చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. కూర్చున్నాక తల దించుకుని చాలాసేపు బూట్ల వైపు చూశాడు. నేను చూడనట్టు ఉన్నాను.

యాభై తొమ్మిది అని రాశావే, ఆ అంకె ఆ మనిషికి చెప్పాను. మా మనవరాలు కట్టింది అన్నాను. కాగితం మీద రాసుకున్నాడు. నీకు ఉత్తరం వస్తుంది, జవాబు రాయి.

రింకులో ఇప్పుడు నేను మార్కోకు ఎడమ పక్కన కూర్చుంటున్నాను. అటు నుంచి ఎవడైనా వస్తుంటే మోచేత్తో పొడుస్తాను. ఈలలు, జనం మాటలు వాడు నా చెవిలో చెబుతాడు. ఎడమ పక్కన నేను, మధ్యలో వాడు. కుడి పక్క కుర్చీ మీద వాడి కోటు పెడుతున్నాం, ఎవరూ కూర్చోకుండా.

లైను అంటే ముగ్గురు గదా. నువ్వు వచ్చాక లెక్క కట్టుకోవచ్చు. ముందు రా.

తాత